నీలం బోర్డు మీద లేని పేరు: ఆర్డుయినో కథ

ఈ రోజు టేబుల్ మీద పెద్దగా ఏమీ లేదు. ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, ఒక యూఎస్‌బీ కేబుల్, అంతే. బోర్డు మీద ఒక చిన్న ఎల్ఈడీ సెకనుకోసారి వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎలక్ట్రానిక్స్ హాబీగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ మొట్టమొదట చేసేది ఇదే. దీన్ని బ్లింక్ ప్రోగ్రామ్ అంటాం. మన అక్షరాభ్యాసంలో ఓనమాలు ఎలాగో, ఇక్కడ బ్లింక్ అలాగ.

ఆ ప్రోగ్రామ్‌లో రెండు ముక్కలుంటాయి. ఒకటి సెటప్, రెండోది లూప్. లోపల పిన్‌మోడ్, డిజిటల్‌రైట్, డిలే అనే మాటలుంటాయి. మీలో చాలామందికి ఇవి నోటికి వచ్చు. కానీ ఈ మాటలు ఎవరు పెట్టారు? ఎవరి బుర్రలోంచి వచ్చాయి? బోర్డు తిప్పి చూసినా ఆ మనిషి పేరు కనపడదు. నేను కూడా చాలా ఏళ్లు ఆ పేరు తెలీకుండానే ఈ మాటలు వాడాను. ఈ ఎపిసోడ్ ఆ మనిషి గురించి. కొంచెం నా గురించి కూడా. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు నా బోర్డు కథ. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీ ఫెస్ట్‌లో లైన్ ఫాలోయర్ పోటీ పెట్టారు. అంటే తెల్ల ఫ్లెక్సీ మీద నల్ల గీత ఉంటుంది, చిన్న రోబో ఆ గీత వెంబడి తనంతట తను వెళ్లాలి. నేను కోఠీ వెళ్లి, గుజరాతీ గల్లీలో నాలుగు షాపులు తిరిగి బేరమాడాను. ఒరిజినల్ ఆర్డుయినో రెండు వేలకి కాస్త అటూ ఇటూ చెప్పారు. 'డూప్లికేట్ కావాలా భయ్యా?' అని 450కి ఇంకో బోర్డు చూపించాడు ఒకాయన. అదే తెచ్చుకున్నాను. రూముకొచ్చి కంప్యూటర్‌కి తగిలిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టలేదు. మోసపోయాననుకుని మర్నాడు వెళ్లి గొడవ పడదామని డిసైడ్ అయ్యాను.

అప్పుడు మా రూమ్మేట్ ఆ బోర్డు తీసుకుని, యూఎస్‌బీ పక్కనున్న చిన్న చిప్ మీద అక్షరాలు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదివాడు. సీహెచ్340 అని ఉంది. 'బోర్డు మంచిదేరా, దీని డ్రైవర్ వేరే' అన్నాడు. డ్రైవర్ వేశాడు, పోర్టు కనపడింది, ఎల్ఈడీ వెలిగింది. వాడి పేరు ఈ రోజు చెప్పను, చెప్పొద్దన్నాడు. కానీ వాణ్ణి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఆర్డుయినో రాకముందు ఈ హాబీ ఎలా ఉండేది? మీ నాన్నగారి తరంలో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న కుర్రాళ్లకి దేవుడి లాంటి చిప్ ఒకటుండేది, 555 టైమర్. హాన్స్ కామెన్‌జింద్ అనే ఆయన 1971లో డిజైన్ చేస్తే, 1972లో సిగ్నెటిక్స్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఎనిమిది కాళ్ల చిప్. దానికి రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ తగిలిస్తే ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటుంది. ఇంకొంచెం మారిస్తే పోలీసు సైరన్ మోగుతుంది. అద్భుతమే. కానీ ఒక ఇబ్బంది ఉంది. వేగం మార్చాలంటే రెసిస్టరో కెపాసిటరో మార్చాలి. వేరే పని చేయించాలంటే సర్క్యూట్టే మార్చాలి. ఆలోచన మారినప్పుడల్లా సోల్డరింగ్ ఐరన్ వేడి చేయాల్సిందే.

ఆ సమస్యకి జవాబు మైక్రోకంట్రోలర్. అంటే ప్రాసెసర్, మెమరీ, బయటి వైర్లు తగిలించే పిన్నులు, అన్నీ ఒకే చిప్‌లో. ఇంటెల్ 8051 అనేది 1980లో వచ్చింది. మన ఇంజినీరింగ్ సిలబస్‌లో తరాల తరబడి కూర్చున్న చిప్ అది. ఇక వైర్లు కదపక్కర్లేదు, ప్రోగ్రామ్ మారిస్తే చాలు. చెప్పడానికి బాగుంటుంది. కానీ ప్రోగ్రామ్ రాయడానికి ఒక సాఫ్ట్‌వేర్, దాన్ని హెక్స్ ఫైల్‌గా మార్చి చిప్‌లోకి ఎక్కించడానికి బర్నర్ అనే ఇంకో డబ్బా. ఎల్ఈడీ వెలిగించడానికి కూడా డేటాషీట్ తీసి ఏ రిజిస్టర్‌లో ఏ బిట్ అని వెతుక్కోవాలి. ఈసీఈ వాళ్లకే చుక్కలు కనపడేవి. ఇక బొమ్మలు వేసేవాళ్లు, బట్టలు డిజైన్ చేసేవాళ్లు, స్కూలు పిల్లలు దాని జోలికి వెళ్లే మాటే లేదు.

1990ల్లో అమెరికాలో పారలాక్స్ కంపెనీ బేసిక్ స్టాంప్ అనే బోర్డు తెచ్చింది. దాన్ని బేసిక్ భాషలో ప్రోగ్రామ్ చేయొచ్చు. చాలా సులువు. హాబీ రోబోలు చేసేవాళ్లలో బాగా పేరు తెచ్చుకుంది. కానీ ఒక్కో బోర్డుకి పదుల డాలర్లయ్యేది, దాని శక్తి కూడా అంతంత మాత్రం. విద్యార్థి ఒకసారి కొని, దాన్ని ఒక ప్రాజెక్టులో బిగించేస్తే మళ్లీ ఇంకోటి కొనాలి. ఆ భారం ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా?

ఇప్పుడు ఇటలీ వెళ్దాం. ఉత్తర ఇటలీలో టూరిన్ నగరానికి దగ్గర్లో ఇవ్రేయా అనే చిన్న ఊరుంది. 1908లో కమిల్లో ఒలివెట్టి అనే ఇంజినీరు అక్కడ టైప్‌రైటర్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఒలివెట్టి కంపెనీ ఎంత పెద్దదైందంటే, ఊరంటే కంపెనీ, కంపెనీ అంటే ఊరు. 1965లో టేబుల్ మీద పెట్టుకునే ప్రోగ్రామబుల్ మెషీన్, ప్రోగ్రామా 101, ఆ కంపెనీనే తెచ్చింది. 2018లో ఆ ఊరి పారిశ్రామిక కట్టడాలని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ 2000 నాటికి ఒలివెట్టి వైభవం అంతా గతం. జమీందారీ పోయాక మిగిలిన మేడలా ఉంది ఊరు.

2001లో ఒలివెట్టి, టెలికాం ఇటాలియా కలిసి అక్కడ ఒక డిజైన్ కాలేజీ పెట్టాయి. ఇంటరాక్షన్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ ఇవ్రేయా. మనుషులు మెషీన్లతో ఎలా మెలగాలి అనేది అక్కడి చదువు. చేరినవాళ్లలో చాలామంది డిజైనర్లు. వాళ్లకి ఆలోచనలు బోలెడు. చెయ్యి ఊపితే వెలిగే దీపం కావాలి, ముట్టుకుంటే పాడే గోడ కావాలి. కానీ రిజిస్టర్లు, బిట్లు తెలీవు. అక్కడ ఈ పాఠాలు చెప్పే టీచర్ మాసిమో బాంజీ. ఇంకో టీచర్ కేసీ రియాస్. ఈ రియాస్ ఎవరంటే, బెన్ ఫ్రైతో కలిసి 2001లో ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన మనిషి. ఆర్టిస్టులు కూడా కోడ్ రాసి కంప్యూటర్‌లో బొమ్మలు గీయొచ్చు అని నిరూపించిన సాఫ్ట్‌వేర్ అది.

అదే కాలేజీకి కొలంబియా దేశం నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. పేరు ఎర్నాండో బర్రాగాన్. ఇదిగో, బోర్డు మీద లేదన్నానే, ఆ పేరు ఇదే.

బర్రాగాన్ 2003లో తన మాస్టర్స్ థీసిస్‌గా ఒక పని ఎత్తుకున్నాడు. స్క్రీన్ మీద బొమ్మలకి ప్రాసెసింగ్ చేసిన మేలు, బయటున్న మోటర్లకి, లైట్లకి, సెన్సర్లకి ఎవరు చేస్తారు? డిజైనర్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ కాకుండానే చిప్‌తో మాట్లాడాలంటే ఏం కావాలి? ఆ ప్రశ్నకి ఆయన కట్టిన జవాబు పేరు వైరింగ్. అందులో ఒక బోర్డుంది, కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఉంది, అందరికీ అర్థమయ్యే మాటలతో చేసిన ఒక చిన్న భాష ఉంది. థీసిస్‌కి గైడ్లు బాంజీ, రియాస్.

ఆ మాటల గొప్పతనం ఏంటో ఒక్క ఉదాహరణతో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. ఊనో బోర్డులో 13వ నంబరు పిన్ ఉంది కదా? చిప్ లెక్కలో దానికి ఆ నంబరే లేదు. అది పోర్ట్ బీ అనే గుంపులో ఐదో బిట్. దాన్ని వెలిగించాలంటే ముందు ఒక రిజిస్టర్‌లో ఐదో బిట్‌ని 1 చేయాలి, అప్పుడది అవుట్‌పుట్ అవుతుంది. తర్వాత ఇంకో రిజిస్టర్‌లో ఐదో బిట్‌ని 1 చేయాలి, అప్పుడు కరెంటు వస్తుంది. చిప్ మారితే ఈ లెక్కంతా మారొచ్చు. బర్రాగాన్ ఏం చేశాడంటే ఈ గోలంతా కింద దాచేసి, పైన రెండే మాటలు ఉంచాడు. పిన్‌మోడ్ అంటే ఈ పిన్ ఇన్‌పుట్టా అవుట్‌పుట్టా. డిజిటల్‌రైట్ అంటే ఈ పిన్‌కి కరెంటు ఇవ్వు, లేదా ఆపు. అంతే. మొదట్లో ఒక్కసారి చేసే పనులు సెటప్‌లో, మళ్లీ మళ్లీ చేసేవి లూప్‌లో. స్విచ్ వేయడం వచ్చిన ప్రతివాడికీ అర్థమయ్యే భాష.

కష్టమైనదాన్ని కట్టడం గొప్పే. కష్టమైనదాన్ని ఎదుటివాడికి కష్టమని తెలీకుండా చేయడం ఇంకా గొప్ప. కానీ అందులో ఒక శాపం ఉంది. బాగా సులువైపోయిన వస్తువుని ఎవరు చేశారని ఎవరూ అడగరు.

వైరింగ్‌లో వాడిన చిప్ ఏటీమెగా128. అందులో 128 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ ఉంటుంది. మంచి చిప్పే కానీ ఖరీదు. 2005లో బాంజీ, ఆ కాలేజీలోనే చదువుతున్న డేవిడ్ మెల్లిస్, స్వీడన్‌లోని మాల్మో యూనివర్సిటీ నుంచి వచ్చిన స్పెయిన్ ఇంజినీరు డేవిడ్ క్వార్టియెల్లెస్ కలిసి అదే వైరింగ్‌ని ఏటీమెగా8 అనే చౌక చిప్ మీద నడిపించారు. మెమరీ 8 కిలోబైట్లే. అయితేనేం, హాబీ ప్రాజెక్టులకి చాలు. వీళ్లకి న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే టామ్ ఐగో, బోర్డులు తయారుచేసే స్థానిక ఇంజినీరు జాన్‌లూకా మార్టినో తోడయ్యారు. ఈ ఐదుగురి ప్రాజెక్టుకి పెట్టిన పేరే ఆర్డుయినో.

ఆ పేరు ఎక్కడిదో తెలిస్తే నవ్వొస్తుంది. ఇవ్రేయాలో వీళ్లు సాయంత్రాలు కూర్చునే ఒక బార్ ఉంది. ఆ బార్ పేరు రాజు ఆర్డుయినో పేరు మీద ఉంది. ఆయన ఆ ప్రాంతం వాడే, 1002లో ఇటలీ రాజయ్యాడు, తర్వాత జర్మనీ రాజు హెన్రీ చేతిలో సింహాసనం పోగొట్టుకున్నాడు. వెయ్యేళ్ల కిందట ఓడిపోయిన రాజు పేరు, ఒక బార్ బోర్డు మీదుగా, మన కోఠీ షాపుల దాకా వచ్చిందన్నమాట.

వాళ్లు తెలివిగా చేసిన పనులు చాలా ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. అప్పట్లో సర్క్యూట్ బోర్డులు ఎక్కువగా ఆకుపచ్చ రంగులో ఉండేవి, వీళ్లు నీలం చేశారు. వెనక చిన్న ఇటలీ మ్యాప్ అచ్చువేశారు. ధర ఎంత ఉండాలంటే, ఒక విద్యార్థి పిజ్జా హోటల్లో భోజనానికి పెట్టే ఖర్చంత. దాదాపు 30 డాలర్లు. మొదట్లో 300 ఖాళీ బోర్డులు చేయించి కాలేజీ విద్యార్థులకి పంచారు. 'ఎలా బిగించాలో ఆన్‌లైన్‌లో ఉంది. చూసి బిగించుకోండి, దాంతో ఏదో ఒకటి చేయండి' అన్నారు. తొలి ప్రాజెక్టుల్లో ఒక అలారం గడియారం ఉంది. సీలింగ్ నుంచి తాడుతో వేలాడుతుంది. మీరు స్నూజ్ కొట్టిన ప్రతిసారీ ఇంకొంచెం పైకి వెళ్లిపోతుంది. చివరికి లేచి నిలబడితే తప్ప అందదు. మా అమ్మకి ఆ రోజుల్లో ఈ సంగతి తెలిసుంటే నా మంచం పక్కన ఒకటి కట్టించేది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ టైమ్‌లో కాలేజీకి డబ్బులు అయిపోతున్నాయి, మూతపడేలా ఉంది. మూతపడితే అందులో పుట్టిన పనులన్నీ ఏ బీరువాలో పడి ఉంటాయో తెలీదు. అందుకే బోర్డు డిజైన్, సాఫ్ట్‌వేర్, అన్నీ బయటపెట్టేశారు. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, చేసి అమ్ముకోవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అంటున్నాం. ఆర్డుయినో అన్న పేరు మాత్రం వాళ్లది, అది పెట్టుకోకూడదు. అంటే గల్లీలో నేను కొన్న 450 రూపాయల బోర్డు, దాని మీద ఆ పేరూ గుర్తూ లేనంత వరకూ, దొంగ సరుకు కాదు. ఆ డిజైన్ అందరిదీ. సీహెచ్340 అనే చైనా చిప్ పెట్టి ఖర్చు తగ్గించారంతే. 'డూప్లికేట్' అని తక్కువ చేసి మాట్లాడుతున్నాం కానీ, ఈ బోర్డు మన దాకా రావడానికి కారణం ఆ తలుపు తెరిచి ఉండటమే.

ఆ తలుపులోంచి లోకమంతా వచ్చింది. 2010లో ఊనో వచ్చింది. ఇటాలియన్‌లో ఊనో అంటే ఒకటి. జోర్డీ మున్యోజ్ అనే మెక్సికో కుర్రాడు ఆర్డుయినోతో చిన్న హెలికాప్టర్‌ని తనంతట తను ఎగిరేలా చేశాడు. ఆ దారి ఆర్డుపైలట్ అనే డ్రోన్ సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లింది. మన దేశంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద స్కూళ్లలో పెట్టిన టింకరింగ్ ల్యాబుల్లో పిల్లలు ఇలాంటి బోర్డులతోనే నేర్చుకుంటున్నారు. మన ఆంధ్ర, తెలంగాణ జిల్లా పరిషత్ స్కూళ్లలో కూడా ఆ ల్యాబులు ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్ల డిజిటల్‌రైట్ అని టైప్ చేస్తోంది. బొగోటాకి, ఆ పిల్ల ఊరికి మధ్య ఆ ఒక్క మాట తీగ కట్టింది. ఆ పిల్లకి తెలీదు. చెప్పినవాళ్లు లేరు.

బర్రాగాన్ ఏమయ్యాడు? కొలంబియా వెళ్లి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, వైరింగ్‌ని కొనసాగించాడు. 2016లో ఆర్డుయినో అసలు చరిత్ర ఇదీ అంటూ ఇంటర్నెట్‌లో ఒక పెద్ద వ్యాసం పెట్టాడు. తేదీలు, ఫొటోలు, పాత కోడ్, అన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. తన పని మీదే ఆర్డుయినో కట్టారని, ఆ ప్రాజెక్టులోకి తనని పిలవలేదని, బయట కథ చెప్పేటప్పుడు తన వంతు చిన్నదైపోయిందని ఆయన బాధ.

ఇక్కడ మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు. రెండో వైపు కూడా చూడాలి. వైరింగ్ ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, లైసెన్స్ ఒప్పుకుంటుంది. ఆర్డుయినో వాళ్లు వైరింగ్ పేరు అసలు ఎత్తలేదని కూడా అనలేం. ఇంటర్వ్యూల్లో చెప్పారు, సైట్‌లో రాశారు. చౌక చిప్‌కి మార్చడం, నీలం బోర్డు, పిజ్జా ధర, ఊరూరా వర్క్‌షాపులు, కొత్తవాళ్లకి ఓపిగ్గా జవాబులివ్వడం, ఇదంతా వాళ్ల కష్టం. అది లేకపోతే వైరింగ్ ఒక మంచి థీసిస్‌గా మిగిలిపోయేదేమో. విత్తనం వేసినవాడూ కావాలి, నీళ్లు పోసినవాడూ కావాలి.

కానీ ఒక చిన్న పని చేయండి. మీ కంప్యూటర్‌లో ఆర్డుయినో ఐడీఈ ఉంటే, ఏవీఆర్ బోర్డుల కోర్ ఫోల్డర్ వెతికి తెరవండి. అందులో డిజిటల్‌రైట్ కోడ్ ఉన్న ఫైల్ పేరు చూడండి. వైరింగ్ అండర్‌స్కోర్ డిజిటల్ డాట్ సీ. ఇప్పటికీ అదే పేరు. పాత లైబ్రరీలు తెరిస్తే పైన డబ్ల్యూప్రోగ్రామ్ డాట్ హెచ్ అని కనపడుతుంది. ఆ డబ్ల్యూ, వైరింగ్‌లో డబ్ల్యూనే. 1.0 వెర్షన్‌తో దాన్ని ఆర్డుయినో డాట్ హెచ్ చేశారు. ఇల్లు ఎంత రంగులు మార్చినా పునాది రాయి మీద చెక్కిన పేరు పోదు. కాకపోతే పునాది తవ్వి చూసేదెవరు?

ఈ కథలో ఇంకో మలుపుంది. పేరు గొడవ ఆ ఐదుగురి మధ్యే వచ్చింది. బోర్డులు తయారుచేసే మార్టినో కంపెనీ 2008లోనే ఇటలీలో ఆర్డుయినో పేరుని తన మీద రిజిస్టర్ చేయించుకుంది. 2015 నాటికి ఆర్డుయినో పేరుతో రెండు కంపెనీలు, రెండు వెబ్‌సైట్లు, కోర్టు కేసులు. ఒక వర్గం అమెరికా బయట తన బోర్డులని జెనూయినో అనే కొత్త పేరుతో అమ్మాల్సొచ్చింది. అంటే ఆర్డుయినో కట్టినవాళ్లే ఆర్డుయినో అనే పేరు వాడుకోలేని పరిస్థితి. 2016 అక్టోబర్‌లో రాజీపడ్డారు. ఇక 2025 అక్టోబర్‌లో, మీ ఫోన్లలో ఉండే స్నాప్‌డ్రాగన్ చిప్‌లు చేసే క్వాల్‌కామ్ ఆర్డుయినోని కొంటున్నట్టు ప్రకటించింది. ఒక చిన్న ఊరి బార్‌లో పెట్టుకున్న పేరు అక్కడిదాకా వెళ్లింది.

సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అనలేదు. నేను ఈ కథ మొదటిసారి చదివినప్పుడు బర్రాగాన్ తరఫున చాలా ఆవేశపడ్డాను. ఫ్రెండ్స్‌కి ఫార్వర్డ్ చేశాను, అన్యాయం అని పెద్ద పోస్టు రాశాను. రాసి, పోస్ట్ బటన్ నొక్కే ముందు ఆగిపోయాను. మా రూమ్మేట్ గుర్తొచ్చాడు.

ఇప్పుడు ఆ లైన్ ఫాలోయర్ మిగతా కథ. బోర్డు పనిచేసింది కదా, మోటర్లు బిగించాం. రోబోని గీత మీద పెడితే రెండు అంగుళాలు కదిలి ఆగిపోతుంది, మళ్లీ మొదటినుంచి స్టార్ట్ అవుతుంది. నేను కోడ్ మారుస్తూ రెండు రాత్రులు పోగొట్టాను. వాడొచ్చి చూసి, తప్పు కోడ్‌లో లేదన్నాడు. నేను వాడింది చిన్న చదరం 9 వోల్టుల బ్యాటరీ. పొగ అలారంలో పనికొస్తుంది కానీ మోటర్లు లాగేంత కరెంటు అది ఇవ్వలేదు. మోటర్ కదలగానే వోల్టేజ్ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన రెండు సెల్స్ మోటర్లకి విడిగా పెట్టి, రెండు సర్క్యూట్ల గ్రౌండ్ మాత్రం కలిపాడు. తర్వాత నా కోడ్ పక్కన పడేసి, తనే కొత్తగా రాశాడు. మలుపు దగ్గర ఒక చక్రాన్ని ఆపేయకుండా కొంచెం వేగం తగ్గించేలా. రోబో పాములా ఊగడం మానేసి మెత్తగా తిరిగింది. 'వాడుకోరా, నాకేముంది' అన్నాడు.

పోటీ రూల్ ప్రకారం టీమ్‌కి ఇద్దరే. నా పేరు, సామాన్లకి డబ్బులు పెట్టిన ఇంకో ఫ్రెండ్ పేరు ఇచ్చాను. సెకండ్ ప్రైజ్ వచ్చింది. స్టేజీ మీద జడ్జి సార్ అడిగారు, 'ఈ మలుపు లాజిక్ బాగుంది, ఎవరు రాశారు?' అని. నేను 'మేమే సార్' అన్నాను. వాడు మూడో వరసలో నా బ్యాగు, చార్జర్ పట్టుకుని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాడు కూడా. రాత్రి బిర్యానీ తినిపించి లెక్క సరిపోయిందనుకున్నాను.

లైసెన్స్ ఒప్పుకుంటుంది అన్నాను కదా ఇందాక? వాడు కూడా ఒప్పుకున్నాడు. కోడ్ వాడుకోమన్నాడు. కానీ నువ్వే రాశావని చెప్పుకోమనలేదు. ఈ రెండింటికీ తేడా నాకు ఆ స్టేజీ మీదే తెలుసు, తెలిసే ఆ మాట అన్నాను. అందుకే ఇది పొరపాటని చెప్పుకోలేను.

ఈ ఎపిసోడ్ రికార్డు చేసే ముందు వాడికి ఫోన్ చేశాను. చాలా ఏళ్ల తర్వాత. వాడిప్పుడు ఎలక్ట్రానిక్స్‌లో లేడు, బ్యాంకులో చేస్తున్నాడు. విషయం చెప్పి సారీ రా అన్నాను. నవ్వేశాడు. 'ఆ బిర్యానీ బాగుందిరా' అన్నాడు. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకునేలోపే మెల్లగా ఇంకో మాట అన్నాడు. 'కాకపోతే ఆ తర్వాత నేను రాసింది ఎవరికీ ఇవ్వలేదు. నాకే తెలీకుండా మానేశాను' అని.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను నేను. పేరు చెప్పకపోతే పోయేది ఒక మనిషి పేరే అనుకుంటాం. కాదు. ఆ మనిషి తర్వాత ఇవ్వబోయేవన్నీ పోతాయి. ఓపెన్ సోర్స్ అనేది నడిచేది కాయితం మీదున్న లైసెన్స్‌తో కాదు, ఇచ్చినవాడికి మళ్లీ ఇవ్వాలనిపించడంతో. బర్రాగాన్ అంత జరిగినా వైరింగ్‌ని దాచేసుకోలేదు. అందరూ అంత గట్టివాళ్లై ఉండరు. మా వాడు ఆగిపోయాడు.

కాబట్టి ఒక్కటే అడుగుతాను. మీరు ఈ వారం ఏ ప్రాజెక్టు చేసినా, అది చెత్త డబ్బా తెరిచే సెన్సర్ కావచ్చు, మొక్కలకి నీళ్లు పోసే పంపు కావచ్చు, కోడ్‌లో మొదటి మూడు లైన్లు కామెంట్‌గా వదిలేయండి. ఏది ఎవరి దగ్గర తీసుకున్నారు, ఎవరు సాయం చేశారు, రాయండి. చిప్ ఆ లైన్లని చదవదు. మెమరీలో ఒక్క బైట్ కూడా తినవు. మీ తర్వాత తెరిచే మనిషి చదువుతాడు. వైవాలో, స్టేజీ మీద ఎవరైనా అడిగితే నోటితో కూడా చెప్పండి. మీ గొప్ప ఏమీ తగ్గదు.

టేబుల్ మీద ఈ ఎల్ఈడీ ఇందాకటి నుంచి వెలుగుతూనే ఉంది. ఈ ప్రోగ్రామ్ పైన ఈ రోజు మూడు లైన్లు చేర్చాను. మొదటి లైన్‌లో ఎర్నాండో బర్రాగాన్, వైరింగ్, 2003. రెండో లైన్‌లో ఆర్డుయినో టీమ్, 2005. మూడో లైన్‌లో మా వాడి పేరు. మీకు చూపించొద్దన్నాడు కాబట్టి స్క్రీన్ మీద బ్లర్ చేశాం. ఫైల్‌లో మాత్రం ఉంది.

మీకు ఎవరైనా ఇలా బోర్డు వెలిగించి పెట్టారా? కామెంట్‌లో చెప్పండి. వాళ్ల నంబర్ మీ ఫోన్‌లో ఉంటే, కామెంట్ కంటే ముందు వాళ్లకే చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.